అమెరికా ఇంట్లో పాత ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్: బ్యాటరీ మార్చడం నుంచి షెడ్యూల్ పెట్టుకోవడం దాకా

అమెరికాలో అద్దెకు దిగిన ఇంట్లోనో, కొనుక్కున్న పాత ఇంట్లోనో హాలు గోడకు భుజమెత్తున ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలో చెప్పే థర్మోస్టాట్ అదే. చిన్న బూడిదరంగు స్క్రీన్, పక్కన పైకీ కిందికీ బాణం బటన్లు, అడుగున ఒకటో రెండో జరిపే స్విచ్‌లు. యాప్ లేదు, వైఫై లేదు, మాన్యువల్ ఎప్పుడో పోయింది. నవంబర్ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. ఒకరు 75 డిగ్రీల ఫారెన్‌హీట్ పెడతారు, ఇంకొకరు వచ్చి 68కి దించుతారు, రాత్రి అది తనంతట తానే 62కి పోతుంది. పొద్దున్నే అందరూ వణుకుతూ లేచి, ఇది పాడైపోయింది, కొత్తది పెట్టించాల్సిందే అని తీర్మానిస్తారు.

చాలావరకు అది పాడవలేదు. ఇదివరకు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు పెట్టుకున్న వేళల్నో, ఫ్యాక్టరీలో పెట్టి పంపిన వేళల్నో బుద్ధిగా పాటిస్తోంది. ఆ వేళలు మీ ఇంటివి కావు, అంతే. ఈ తిప్పలు మనవాళ్లకే కాదు. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి థర్మోస్టాట్లకు ఇస్తూ వచ్చిన ఎనర్జీ స్టార్ అనే ఇంధన ఆదా గుర్తును 2009 చివరితో ఆపేసింది. సరిగ్గా వాడితే ఆదా అయ్యే మాట నిజమే గానీ, కొన్నవాళ్లలో చాలామంది అసలు ప్రోగ్రామే చేసుకోవడం లేదని తేలడం అందుకు ఒక కారణం.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా గ్యాస్ ఫర్నేస్‌కు (గ్యాస్ మంటతో ఇల్లంతటికీ వేడిగాలి పంపే యంత్రానికి) కలిపిన, బ్యాటరీలతో నడిచే హనీవెల్ తరహా థర్మోస్టాట్ గురించి. లక్స్, హంటర్, వైట్-రాడ్జర్స్ కంపెనీల వాటిలో బటన్ల పేర్లు కాస్త మారతాయి గానీ, పనిచేసే పద్ధతి ఒకటే.

ముందుగా, మీది ఏ రకం?

మూత మీద చెయ్యి వేసేముందు ఇది తేల్చుకోండి. ఎక్కువ ఇళ్లలో థర్మోస్టాట్‌కు వచ్చేవి 24 వోల్టుల సన్నటి రంగురంగుల తీగలు. వాటితో షాక్ భయం పెద్దగా లేదు. కానీ గది గోడల అడుగున పొడవాటి ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లు ఉండి, గదికొక థర్మోస్టాట్ ఉంటే, అందులోకి నేరుగా 120 లేదా 240 వోల్టుల కరెంటు వస్తుంది. లావుపాటి తీగలు కనిపిస్తే ఆ రకమే. దాన్ని గోడ నుంచి ఊడదీసే పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

గుండ్రంగా ఉండి చేత్తో తిప్పేదైతే దానికి ప్రోగ్రామ్ ఉండదు. హనీవెల్ 1953లో తెచ్చిన ఆ మోడల్ ఇప్పటికీ కొన్ని పాత ఇళ్లలో గోడల మీద పనిచేస్తూనే ఉంది. పాతవాటి లోపల చిన్న గాజు గొట్టంలో పాదరసం ఉంటుంది. తీసేయాల్సి వస్తే మామూలు చెత్తలో వేయకూడదు, మీ కౌంటీవాళ్లు ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వాలి.

ఇక న్యూయార్క్ లాంటి చోట్ల పాత బిల్డింగుల్లో రేడియేటర్లు ఉండి, హీటింగ్ అంతా ఓనర్ చేతిలో ఉంటే మీరు నొక్కడానికి ఏమీ ఉండదు. అయితే ఒకటి తెలుసుకోండి. న్యూయార్క్ సిటీలో అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పొద్దున 6 నుంచి రాత్రి 10 మధ్య బయట 55 డిగ్రీల కంటే తగ్గితే ఇంట్లో కనీసం 68 ఉండేలా ఓనరే చూడాలి. రాత్రిపూట కనీసం 62 ఉండాలి. ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు లెక్క కోసం: 55 అంటే సెల్సియస్‌లో సుమారు 13, 62 అంటే 17 కంటే కాస్త తక్కువ, 68 అంటే 20, 70 అంటే 21.

మీది ప్రోగ్రామబుల్ రకమే అని తేలాక మోడల్ నంబర్ పట్టుకోండి. మూత లోపలివైపునో, ముందు భాగం వెనకాలో చిన్న స్టిక్కర్ మీద ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి ఆ నంబర్‌తో వెతికితే చాలా మోడళ్లకు మాన్యువల్ దొరుకుతుంది. బటన్ల వరస దగ్గర అనుమానం వస్తే అదే ఆధారం.

అది చేసే పని ఒక్కటే

థర్మోస్టాట్ వేడిని పుట్టించదు. ఇంట్లో ఎంత వేడి ఉందో చూస్తుంది, మీరు అడిగినదానికంటే తగ్గితే ఫర్నేస్‌ను ఆన్ చేయమంటుంది, చేరగానే ఆపమంటుంది. మామూలు ఫర్నేస్‌కు ఎక్కువ మంట, తక్కువ మంట అనే తేడా లేదు. మీరు 70 పెట్టినా 85 పెట్టినా అదే మంట, అదే వేగం. లిఫ్ట్ బటన్ పదిసార్లు నొక్కితే లిఫ్ట్ తొందరగా రాదు కదా, ఇదీ అంతే. 85 పెడితే జరిగేదల్లా 70 దగ్గర ఆగాల్సింది ఆగకపోవడం. గంట తర్వాత ఇల్లు ఉడికిపోతుంటే ఎవరో కిటికీ తెరుస్తారు, నెలాఖరున గ్యాస్ బిల్లు చూసి గుండె ఆగుతుంది.

ఇంకో సంగతి. మీరు బాణం నొక్కగానే వేడిగాలి రాదు. ముందు థర్మోస్టాట్‌లో టిక్‌మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ దగ్గర నిలబడితే తర్వాత వరస తెలుస్తుంది. పొగను బయటికి లాగే చిన్న ఫ్యాన్ గుయ్‌మంటూ మొదలవుతుంది. కాసేపటికి మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాగుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుని నీలం మంట భగ్గున అంటుకుంటుంది. లోపలి లోహం వేడెక్కాక, మరో అర నిమిషం నుంచి నిమిషానికి పెద్ద బ్లోయర్ తిరిగి వెంట్‌ల నుంచి గాలి వస్తుంది. ఇదంతా అయ్యేలోపు ఓపిక నశించి మళ్లీ మళ్లీ బటన్లు నొక్కేవాళ్లే ఎక్కువ.

స్విచ్‌లు, స్క్రీన్ మీది మాటలు

అడుగున ఉండే స్విచ్‌లలో ఒకటి 'హీట్, ఆఫ్, కూల్'. చలికాలం హీట్ మీద ఉండాలి. రెండోది ఫ్యాన్‌ది: 'ఆటో, ఆన్'. దీన్ని ఆటోలోనే ఉంచండి. ఆన్‌లో పెడితే మంట లేనప్పుడు కూడా బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. వెంట్‌ల నుంచి చల్లగాలి వస్తోందని కంగారు పడి మెకానిక్‌ను పిలిచే ఇళ్లలో చాలాచోట్ల ఉన్న లోపం ఈ స్విచ్చే. తాలింపు ఘాటు పోవడానికి ఎవరో ఆన్ చేసి మరిచిపోయి ఉంటారు.

స్క్రీన్ మీద రెండు అంకెలు చూడాలి. ఒకటి ఇప్పుడు గదిలో ఉన్న వేడి, రెండోది మీరు కోరిన వేడి. దాని పక్కన 'సెట్ టు' లాంటి మాట ఉంటుంది. కొన్ని పాత మోడళ్లలో ఒక్క అంకే కనిపిస్తుంది, బాణం ఒకసారి నొక్కితే కోరినది కాసేపు కనబడి మళ్లీ మాయమవుతుంది. గది వేడి 66, కోరినది 66 అయితే ఫర్నేస్ ఆగి ఉండటం న్యాయమే, దాన్ని తిట్టకండి. 'హీట్ ఆన్' అని కనిపిస్తుంటే థర్మోస్టాట్ ఫర్నేస్‌ను అడిగిందని అర్థం. ఫర్నేస్ విన్నదా లేదా అన్నది వేరే సంగతి. ఈ తేడా గుర్తుంచుకుంటే చివర్లో లోపాలు వెతకడం తేలికవుతుంది.

బ్యాటరీలు

స్క్రీన్ మసకబారినా, బ్యాటరీ గుర్తు వెలిగి ఆరుతున్నా, వెంటనే మార్చండి. రెండు డబుల్-ఏ లేదా రెండు ట్రిపుల్-ఏ సైజువి పడతాయి. ఆల్కలైన్ రకమే వాడండి, ఛార్జింగ్ బ్యాటరీలు వద్దు, వాటి వోల్టేజీ తక్కువ.

మార్చేముందు ఒక పని చేయండి. ఇప్పుడున్న షెడ్యూల్‌ను ఒక్కొక్కటిగా చూసుకుంటూ ఫొటోలు తీసుకోండి. కొన్ని మోడళ్లు బ్యాటరీ తీసినా షెడ్యూల్ మరిచిపోవు, గడియారం ఒక్కటే తిరిగి పెట్టాలి. ఇంకా పాతవాటిలో కాసేపు ఆలస్యమైతే అంతా చెరిగిపోయి ఫ్యాక్టరీ వేళలకు వెళ్లిపోతుంది. అందుకే కొత్త బ్యాటరీలు కవర్ చింపి చేతిలో పెట్టుకున్నాకే పాతవి తీయాలి.

1. హీట్ స్విచ్‌ను ఆఫ్‌కు జరపండి.
2. బ్యాటరీ ఎక్కడుందో చూడండి. కొన్నింటికి పక్కనో అడుగునో జారే చిన్న అర ఉంటుంది, కొన్నింటికి ముందు భాగం మొత్తం ఊడొస్తుంది. ఊడేదైతే రెండు పక్కలా పట్టుకుని తిన్నగా మీవైపు లాగాలి. మెలితిప్పితే వెనకున్న పిన్నులు వంగిపోతాయి.
3. ప్లస్, మైనస్ గుర్తులు చూసి కొత్తవి పెట్టండి. పాత బ్యాటరీ కారి, లోపల రేకుల మీద తెల్లటి పొడి పేరుకుంటే పొడి దూదిపుల్లతో తుడవండి. రేకు తినేసి ఉంటే ఇక ఆ థర్మోస్టాట్‌కు కాలం చెల్లినట్టే.
4. ముందు భాగాన్ని తిన్నగా నొక్కి బిగించి, స్విచ్‌ను మళ్లీ హీట్‌కు జరపండి.

మంట వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆగండి. బ్యాటరీలు ఏడాదికోసారి, అవసరం ఉన్నా లేకపోయినా, చలి ముదరకముందే మార్చేయడం మంచిది. జనవరి అర్ధరాత్రి బ్యాటరీ అయిపోతే ఫర్నేస్‌ను ఆన్ చేయమని అడగడం ఆ థర్మోస్టాట్ వల్ల కాదు.

గడియారం, రోజు

షెడ్యూల్ ఎంత చక్కగా పెట్టినా గడియారం తప్పైతే అంతా వృథా. 'సెట్' అనే బటన్ నొక్కుతూ పోతే చాలా మోడళ్లలో ముందు టైమ్, తర్వాత రోజు, ఆ తర్వాత షెడ్యూల్ వస్తాయి. కొన్నింట్లో వీటికి వేర్వేరు బటన్లు ఉంటాయి. బాణాలతో టైమ్ సరిచేసేటప్పుడు అంకెల పక్కన ఉండే ఏఎం, పీఎం గుర్తును కళ్లు చిట్లించి మరీ చూడండి. అది పన్నెండు గంటలు తేడా పడితే, రాత్రికి పెట్టిన డిగ్రీ పగలూ, పగటికి పెట్టినది రాత్రీ నడుస్తుంది. ఇల్లు తిక్కతిక్కగా వేడెక్కుతోందంటే నేను మొదట చూసేది ఆ గుర్తునే.

రోజు కూడా అంతే ముఖ్యం. 5-2 రకం థర్మోస్టాట్ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక షెడ్యూల్, శని, ఆదివారాలకు ఇంకోటి నడుపుతుంది. 5-1-1 రకంలో శని, ఆదివారాలు వేర్వేరు. 7 రోజుల రకంలో ప్రతి రోజూ వేరు. మంగళవారాన్ని శనివారం అనుకుంటే అది సోమరిగా తొమ్మిదింటికి ఇల్లు వేడి చేస్తుంది.

ఇక అమెరికాలో ఏటా రెండుసార్లు వచ్చే టైమ్ మార్పు. మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. చాలా పాత థర్మోస్టాట్లకు ఇది తెలియదు, మీరే మార్చాలి. తనంతట తానే మార్చుకునే మోడల్ అయితే ఒక చిక్కుంది. ఈ తేదీలు 2007 నుంచి అమల్లోకి వచ్చినవి. అంతకుముందు ఏప్రిల్ మొదటి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారేది. 2007కు ముందు తయారైన యంత్రం ఇప్పటికీ ఆ పాత తేదీల్నే నమ్ముకుని ఉండొచ్చు. అలాంటిదైతే ఏడాదిలో కొన్ని వారాలు గంట తేడాతో నడుస్తుంది. మెనూలో ఆ ఆటోమేటిక్ మార్పును ఆపేసి, మీరే మార్చుకోవడం మేలు. అరిజోనాలో ఎక్కువ ప్రాంతానికి ఈ మార్పే లేదు కాబట్టి ఫీనిక్స్ వైపు ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

షెడ్యూల్: ముందు కాగితం మీద

చాలా మోడళ్లు రోజును నాలుగు భాగాలు చేస్తాయి. వేక్ అంటే లేచే వేళ, లీవ్ అంటే ఇల్లు ఖాళీ అయ్యే వేళ, రిటర్న్ అంటే తిరిగొచ్చే వేళ, స్లీప్ అంటే పడుకునే వేళ. ఒక్కోదానికి ఒక టైమ్, ఒక డిగ్రీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు సాధారణంగా ఇవి ఉంటాయి: పొద్దున 6కు 70, 8కి 62, సాయంత్రం 6కు 70, రాత్రి 10కి 62. రాత్రి పదింటికి తనంతట తానే 62కు పోతోందన్న ఫిర్యాదు ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. పదింటికల్లా మనవాళ్లలో ఎందరు పడుకుంటారు? హైదరాబాద్ టీమ్‌తో కాల్ మొదలయ్యేదే అప్పుడు.

మీ ఇంటి వేళలు కాగితం మీద రాసుకోండి. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక ఇల్లు అనుకుందాం. అత్తయ్యగారు విజయవాడ నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఆవిడ అయిదింటికి లేచి స్నానం, పూజ. పిల్లల స్కూల్ బస్సు ఎనిమిదింటికి, భార్యాభర్తల్లో ఒకరు ఆఫీసుకు, ఒకరు ఇంటి నుంచే పని. ఈ ఇంటికి ఫ్యాక్టరీ వేళల్లో ఒక్కటీ సరిపోదు. సరిపోయేది దాదాపు ఇలా ఉంటుంది:

వేక్: ఉదయం 5:00, 70
లీవ్: ఉదయం 8:30, 70
రిటర్న్: సాయంత్రం 4:00, 70
స్లీప్: రాత్రి 11:15, 65

పగలు ఇంట్లో మనుషులు ఉన్నారు కాబట్టి లీవ్ అవసరం లేదు. కొన్ని మోడళ్లలో ఒక భాగాన్ని రద్దు చేయొచ్చు. అలా రద్దు చేసే వీలు లేకపోయినా, ఎక్కడో తెలియకపోయినా దిగులు లేదు. లీవ్‌కు కూడా వేక్‌లో పెట్టిన డిగ్రీనే పెట్టేయండి, అది ఉన్నా లేనట్టే. ఏ కంపెనీ థర్మోస్టాట్ మీదైనా పనిచేసే కిటుకు ఇది.

ఇప్పుడు గోడ దగ్గరికి వెళ్లండి.

1. స్విచ్ హీట్ మీద ఉందో లేదో చూడండి. హీట్, కూల్ షెడ్యూళ్లు వేరు. స్విచ్ కూల్ మీద ఉంటే మీరు కష్టపడి మార్చేది ఎండాకాలపు లెక్కలు.
2. 'సెట్' నొక్కుతూ షెడ్యూల్ దాకా రండి. స్క్రీన్ మీద సోమ నుంచి శుక్ర దాకా రోజుల గుర్తులు, 'వేక్' అనే మాట కనిపిస్తాయి.
3. టైమ్ వెలిగి ఆరుతుంటే బాణాలతో మార్చండి. ఒక్కో నొక్కుకు పదో పదిహేనో నిమిషాల చొప్పున మారుతుంది. ఏఎం, పీఎం మళ్లీ చూడండి.
4. 'సెట్' మళ్లీ నొక్కితే డిగ్రీ వెలుగుతుంది. అదీ మార్చండి.
5. ఇలాగే లీవ్, రిటర్న్, స్లీప్. నాలుగూ అయ్యాక రోజుల గుర్తులు శని, ఆదివారాలకు మారతాయి. అవీ పెట్టండి.
6. చివర్లో 'రన్' నొక్కండి. నొక్కకుండా వదిలేస్తే చాలా మోడళ్లు కాసేపటికి తామే మామూలు స్థితికి వస్తాయి, అయినా రన్ నొక్కి ముగించడమే మంచి అలవాటు.

అయిదింటికి 70 అని పెడితే అయిదింటికి మంట మొదలవుతుందా, అయిదింటికల్లా ఇల్లు 70కి చేరుతుందా? మోడల్‌ను బట్టి ఉంటుంది. కొన్ని ముందే మొదలుపెట్టి చెప్పిన వేళకు ఇల్లు సిద్ధం చేస్తాయి, స్క్రీన్ మీద 'రికవరీ' అని కూడా వేస్తాయి. కొన్నింటికి ఆ తెలివి లేదు, సరిగ్గా అయిదింటికే మొదలుపెడతాయి. మీది ఏదో తెలియాలంటే ఒక తెల్లవారుజామున 4:40 ప్రాంతంలో వెళ్లి చూడండి, అప్పటికే 'హీట్ ఆన్' ఉంటే తెలివైనదే. లేకపోతే వేక్ టైమ్‌ను 5:00కు బదులు 4:30కు పెట్టండి. గడ్డకట్టే చలిలో పాత ఇళ్లకు అరగంట చాలదు. 65 నుంచి 70కి రావడానికి మీ ఇల్లు ఎంతసేపు తీసుకుంటుందో ఒక సాయంత్రం గడియారం పెట్టుకుని చూస్తే ఖాయమైన లెక్క దొరుకుతుంది.

ఎంత తగ్గించాలి? పగలు ఎవరూ లేనప్పుడో, రాత్రిపూటో, రోజుకు 8 గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గించి ఉంచితే హీటింగ్, కూలింగ్ ఖర్చులో ఏడాదికి 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. రాత్రి తగ్గించి పొద్దున్నే మళ్లీ వేడి చేస్తే ఖర్చు ఎక్కువవుతుందన్న మాట ఫర్నేస్ ఉన్న ఇళ్లకు వర్తించదు. ఇల్లు ఎంత చల్లగా ఉంటే బయటికి పోయే వేడి అంత తగ్గుతుంది, ఆ గంటల్లో మిగిలింది మిగిలినట్టే. అయితే ఇంట్లో పెద్దవాళ్లో, నెలల పిల్లలో ఉంటే ఈ లెక్కలు పక్కన పెట్టండి. బిల్లు కోసం వాళ్లను 62లో పడుకోబెట్టకూడదు.

గొడవంతా హోల్డ్ దగ్గరే

షెడ్యూల్ నడుస్తుండగా మీకు చలేసి పై బాణం నొక్కి 72 చేశారనుకోండి. అది తాత్కాలికం. తర్వాతి భాగం వచ్చేదాకానే ఉంటుంది. రాత్రి 11:00కు 72 చేసి పడుకుంటే, 11:15కు స్లీప్ వచ్చి 65కి దించేస్తుంది. పెట్టింది పెట్టినట్టు ఉండటం లేదని కోపం వచ్చి మరోసారి 72, మరోసారి అదే కథ.

'హోల్డ్' నొక్కితే షెడ్యూల్ మొత్తం పక్కకు పోతుంది. మీరు పెట్టిన డిగ్రీ రాత్రీ పగలూ, వారాల తరబడి అలాగే ఉంటుంది. చుట్టాలు వచ్చినప్పుడు ఒకరు హోల్డ్ నొక్కుతారు, చుట్టాలు వెళ్లిపోతారు, హోల్డ్ మాత్రం మార్చి దాకా ఉండిపోతుంది. షెడ్యూల్ పెట్టినా పనిచేయడం లేదన్న ఇంట్లో స్క్రీన్ మీద ఓ మూల 'హోల్డ్' అనే చిన్న మాట ఉందేమో చూడండి. ఉంటే 'రన్' నొక్కండి, మళ్లీ షెడ్యూల్‌లోకి వస్తుంది.

ఒకే మాటలో కావాలంటే ఇలా గుర్తుపెట్టుకోండి: ఈ పూటకు బాణం, చాలా రోజులకు హోల్డ్, మామూలుకు రన్. దీన్ని తెలుగులో చిన్న చీటీ మీద రాసి థర్మోస్టాట్ కింద అతికించండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలు ఇంట్లో ఒంటరిగా ఉంటారు. మీరు ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా వాళ్లకు చలేస్తే, ఆ డబ్బాను ముట్టుకుంటే ఏమవుతుందోనని శాలువా కప్పుకుని కూర్చుంటారే తప్ప బటన్ నొక్కరు. పై బాణం రెండుసార్లు నొక్కడం వాళ్ల చేతనే చేయించి చూపించండి. బాణం ఎన్నిసార్లు నొక్కినా షెడ్యూల్ చెడిపోదని, మహా అయితే రన్ నొక్కితే సరిపోతుందని చెబితే వాళ్లకు ఆ టెన్షన్ ఉండదు.

ఇండియా వెళ్లేటప్పుడు

డిసెంబర్‌లో మూడు నాలుగు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్లేవాళ్లు హీట్‌ను ఆఫ్ చేయకూడదు. గోడల్లోని నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలితే తిరిగొచ్చేసరికి ఇల్లు చెరువవుతుంది. 55 కంటే తగ్గించకుండా, చలి ఎక్కువుండే షికాగో, మినియాపోలిస్ లాంటి చోట్ల 58, 60 దగ్గర హోల్డ్ పెట్టండి. బయలుదేరే ముందు కొత్త బ్యాటరీలు వేయండి. ఇంటికి నీళ్లొచ్చే మెయిన్ వాల్వ్ కట్టేయండి. సింక్ కింది అల్మారాల తలుపులు తెరిచి పెడితే అక్కడి పైపులకు కాస్త వెచ్చదనం తగులుతుంది. చలి రాష్ట్రాలవాళ్లకే ఈ జాగ్రత్త అనుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో వచ్చిన మంచు తుపానుకు డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో పైపులు పగిలాయి. అప్పుడు ఇంకొకటి కూడా చాలామందికి తెలిసొచ్చింది. కరెంటు పోతే బ్యాటరీ ఉన్న థర్మోస్టాట్ స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది, 'హీట్ ఆన్' అని కూడా చూపిస్తుంది. ఫర్నేస్ మాత్రం తిరగదు. గ్యాస్‌తో మండేదైనా బ్లోయర్‌కూ, ఇగ్నైటర్‌కూ కరెంటే కావాలి.

మీది హీట్ పంప్ అయితే

అట్లాంటా, షార్లట్, రాలీ వైపు ఇళ్లలో ఫర్నేస్‌కు బదులు హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే యంత్రం) ఉండటం మామూలు. స్విచ్ మీద 'ఎమర్జెన్సీ హీట్' అనే స్థానమో, స్క్రీన్ మీద 'ఆక్స్' అనే మాటో కనిపిస్తే అదే. దీనికి పై లెక్క మారుతుంది. రాత్రి 8 డిగ్రీలు తగ్గించి పొద్దున్నే ఒక్కసారి పెంచితే, పంప్ అందుకోలేక లోపలి ఎలక్ట్రిక్ కాయిల్స్ వెలుగుతాయి. అవి కరెంటును తాగేస్తాయి, తగ్గించి మిగిల్చిందంతా అక్కడే పోతుంది. కాబట్టి రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గించకండి. ఎమర్జెన్సీ హీట్ అన్నది పంప్ చెడిపోయినప్పుడు గడవడానికి ఇచ్చింది, బాగా చలిగా ఉందని వాడుకోవడానికి కాదు.

పనిచేయకపోతే ఎక్కడ వెతకాలి

అన్నిటికంటే ముందు: గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కణ్నుంచే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా బయటికి వెళ్లి 911కు చేయండి. ఆ అలారం ఇంట్లో లేకపోతే థర్మోస్టాట్ సంగతి తర్వాత, ముందు అది కొనండి.

స్క్రీన్ ఖాళీగా ఉంటే బ్యాటరీలు. కొత్తవి వేసినా వెలగకపోతే, ఆ థర్మోస్టాట్‌కు కరెంటు ఫర్నేస్ నుంచి తీగ ద్వారా వస్తోందేమో చూడాలి. అలాగైతే లోపం ఫర్నేస్ వైపు ఉండొచ్చు.

'హీట్ ఆన్' అని ఉంది, పది నిమిషాలైనా గాలి రాలేదు. అంటే థర్మోస్టాట్ తన పని చేసింది. ఇప్పుడు ఫర్నేస్ దగ్గరికి వెళ్లండి. దాని పక్కన గోడకో, స్తంభానికో అచ్చం లైటు స్విచ్ లాంటిదే ఒకటి ఉంటుంది, కొన్నిచోట్ల ఎర్రటి పలకతో. బేస్‌మెంట్‌లోనో అటక మీదో సామాన్లు తీయడానికి వెళ్లినవాళ్లు లైటు అనుకుని దాన్ని ఆర్పేసి వస్తారు. తర్వాత బ్రేకర్ బాక్స్‌లో ఫర్నేస్ బ్రేకర్ పడిపోయిందేమో చూడండి. ఆ తర్వాత ఫర్నేస్ తలుపు. ఈమధ్యే ఫిల్టర్ మార్చి ఉంటే, తలుపు పూర్తిగా కూర్చోకపోయినా ఫర్నేస్ మొదలవదు. తలుపు వెనక ఒక సేఫ్టీ స్విచ్ ఉంటుంది, తలుపు దాన్ని నొక్కితేనే కరెంటు వెళ్తుంది. మోకాలితో గట్టిగా అదిమి మూయండి.

ఇవన్నీ సరిగానే ఉంటే, తలుపు మీది చిన్న గాజు రంధ్రంలోంచి వెలిగి ఆరే ఎల్ఈడీ లైటు చూడండి. ఎన్నిసార్లు వెలిగి ఆగుతోందో లెక్కపెట్టండి. ఆ లెక్కకు అర్థం చాలా ఫర్నేస్‌లలో తలుపు లోపలివైపు అతికించిన పట్టికలో ఉంటుంది. మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు హీట్ రావడం లేదు అనడం కంటే, మూడుసార్లు వెలిగి ఆగుతోంది అని చెబితే పని తొందరగా తెములుతుంది.

మంట వెలుగుతోంది, కాసేపటికే ఆరిపోయి చల్లగాలి వస్తోంది, మళ్లీ వెలుగుతోంది. ముందుగా ఫిల్టర్‌ను అనుమానించండి. దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక ఫర్నేస్ లోపల వేడి పెరిగి, రక్షణ స్విచ్ మంటను ఆర్పేస్తుంది, బ్లోయర్ మాత్రం తిరుగుతుంది. ఫిల్టర్ సైజు దాని అట్ట అంచు మీదే ముద్రించి ఉంటుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం ఫర్నేస్ వైపు చూడాలి.

గదిలో చలిగా ఉన్నా థర్మోస్టాట్ 72 చూపిస్తోందా? దాని కింద లైటో, టీవీయో, దేవుడి దీపమో ఉందేమో చూడండి. దాని దగ్గరే మామూలు థర్మామీటర్‌ను పావుగంట ఉంచి పోల్చండి. ఉన్నదానికంటే తక్కువ చూపించి, ఇల్లంతా వేడెక్కిపోతుంటే, తీగలు వచ్చే గోడ కన్నంలోంచి చల్లగాలి కొడుతుండొచ్చు. ముందు భాగం తీసి ఆ కన్నంలో కొంచెం దూది కుక్కితే చాలు.

బటన్లు నొక్కినా స్పందించకుండా తాళం గుర్తు కనిపిస్తే అది లాక్ అయి ఉంది. అద్దె ఇంట్లో అయితే ఓనర్‌నే అడగాలి. మీ సొంత ఇల్లయితే లాక్ తీసే బటన్ల వరస ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఏ రెండు బటన్లో కలిపి నొక్కి చూస్తే ఇన్‌స్టాలర్ మెనూలోకి పోవచ్చు. అక్కడ ఫర్నేస్ రకం, గంటకు ఎన్నిసార్లు వెలగాలి లాంటివి ఉంటాయి. తెలియకుండా మారిస్తే ఉన్న లోపం కాక కొత్తది వచ్చి చేరుతుంది.

వసంతం వచ్చాక

ఏప్రిల్, మే నెలల్లో కూల్‌కు జరిపేటప్పుడు ముందు ఆఫ్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, తర్వాత కూల్ పెట్టండి. 'కూల్ ఆన్' అని వెలిగి ఆరుతుంటే కంప్రెసర్‌ను కాపాడటానికి అది దాదాపు అయిదు నిమిషాలు ఆగుతోందని అర్థం. కూల్ షెడ్యూల్‌లో మీరు ఎప్పుడూ వేలు పెట్టకపోతే అందులో ఫ్యాక్టరీ అంకెలే ఉంటాయి: వేక్, రిటర్న్ 78, లీవ్ 85, స్లీప్ 82. పగలు ఇంట్లో మనుషులుంటే 85 వేళకు గోల మొదలవుతుంది. కాబట్టి స్విచ్ జరిపిన రోజే అదే కాగితం తీసి, దాని వెనకవైపు ఎండాకాలం వేళలు రాసుకుని, ఆ నాలుగూ మార్చేయండి.